మాయాబందర్ జెట్టీలో నలభై రెండు నిమిషాలు

నా పేరు మైలపల్లి కన్నారావు. తండ్రి పేరు నూకయ్య. వయసు నలభై తొమ్మిది. మాయాబందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే సర్కారు బోటుకు పద్నాలుగేళ్లుగా సరంగును. చదువు అయిదో తరగతి.

1986 ఆగస్టు 6, బుధవారం. ఉదయం ఆరుకు వదలవలసిన బోటును ఆరూ నలభై రెండుకు వదిలాను. ఇంజన్ బాగుంది. సముద్రం బాగుంది. నేనే ఆపాను.

కారణం రాసుకోండి. ఈ ఏడు మన దీవుల పిల్లలకు మెయిన్‌లాండ్ డాక్టరు కాలేజీల్లో ఇచ్చినవి మూడే సీట్లు. పన్నెండో తరగతి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మార్కులు కలిపి, ఎక్కువ వచ్చినవాళ్లకు ఇస్తారు. కొబ్బరితోట కూలీ గవరయ్య కూతురు సత్యవాణి రెండువందల ఇరవైతో జాబితాలో నాలుగోది. తర్వాత ఆ పిల్ల కెమిస్ట్రీ పేపరులో ఒక పేజీ కూడటం మరిచారని తేలింది. యాభై ఎనిమిది కాస్తా అరవై ఏడయింది. బోర్డువాళ్లు తంతి ఇచ్చి, కొత్త మార్కుల కాగితం టపాలో పంపారు. సీట్లిచ్చే ఆఫీసువాళ్లేమో తంతి చెల్లదు, కాగితమే కావాలి, అదీ ఏడో తారీకు పదింటిలోపు పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసులో ఇవ్వాలి అన్నారట. టపా అయిదో తారీకు సాయంత్రం ఓడలో దిగింది. పోస్టాఫీసులో సంచులు విప్పేది మర్నాడు ఆరింటికి. వానలకు రోడ్డు తెగి బస్సులు లేవు. తర్వాతి బోటు శనివారం.

ఇదంతా ఆరుకు అయిదు నిమిషాల ముందు గవరయ్య జెట్టీ మీద నాకు చెప్పాడు. పిల్ల ఒక చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకుని నిలబడింది.

ఆరూ పదికి జనం గోల మొదలుపెట్టారు. ఇంజన్ ఫెయిలా సారంగ్ సాబ్ అని ఒకాయన హిందీలో అడిగాడు. లేదు, మార్కులు రావాలి అన్నాను.

ఆరూ ఇరవైకి మా అమ్మాయి శాంతకుమారి చుక్కాని గదిలోకి వచ్చింది. జాబితాలో మూడో పేరు దానిదే. రెండువందల ఇరవై ఆరు. అదీ సీటు పనిమీదే ఆ బోటెక్కింది.

"నాన్నా, టైం అయిపోనాది గదా. తీసీ బోటు. తప్పు నీది కాదు గదా" అంది.

నేను అయిదో తరగతే గాని కూడిక వచ్చు. గవరయ్య చెబుతుండగానే కూడుకున్నాను.

"ఆ తొమ్మిదీ ఆ పిల్లవేనమ్మా" అన్నాను.

అది ఏడ్వలేదు. వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంది. ఆరూ నలభైకి పోస్టుమాన్ జోగులు కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గవరయ్యను, కూతుర్ని ఎక్కించుకుని వదిలాను.

బోటు ఆలస్యమైతే లాగ్ పుస్తకంలో 'నీళ్లు తక్కువ' అని రాయడం మాకు అలవాటు. ఫిబ్రవరిలో ఒక పెద్ద ఆఫీసరుగారి భార్య బజారు పని కోసం గంట ఆపాం. అప్పుడూ నీళ్లు తక్కువే. ఈసారి నేను 'మార్కుల కాగితం కోసం ఆపాను' అని రాశాను. అందుకే ఈ కేసు. మా ఆఫీసు గుమాస్తా అప్పయ్య ఇంటికొచ్చి, "కన్నారావ్ భయ్యా, నీళ్లు తక్కువని మార్చీ. ఖతమ్. నీ నౌకరీ నీకుంటాది" అన్నాడు. మార్చనన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాణ్ణి కాదు.

గవరయ్య దగ్గర ఏదో ఆశించి ఆపానని ఫిర్యాదులో ఉంది. పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసు గోడ మీద కొత్త జాబితా ఉంది, చూసుకోండి. మూడో పేరు సత్యవాణి, రెండువందల ఇరవై తొమ్మిది. నాలుగో పేరు నా కూతురిది. అది నాతో మాట్లాడి పదకొండు రోజులైంది. అన్నం పెడుతుంది, కంచం నేల మీద పెట్టి వెళ్లిపోతుంది. నాకు బాధగా ఉంది. ఆ సంగతి కూడా రాయండి.

పైదంతా నా నోటిమాటే. ఈ వాంగ్మూలం రాసుకున్న రైటరుగారు తెలుగులో చదివి వినిపించారు. నా మేలు కోరి ఒకచోట 'తన కూతురి సీటు పోతుందని తెలియక' అని వారు కలిపారు. ఆ మాట కొట్టివేయించి, పక్కన సంతకం చేశాను. తెలిసే ఆపాను.

(సం.) మై. కన్నారావు
మాయాబందర్, 17-8-1986