శుక్రవారం ఇంట్లో ఎవరుంటారు?

బడి ఆఫీసు గది, మధ్యాహ్నం. బల్లకి ఒక పక్క పెద్ద టీచరు, రెండో పక్క ప్యాకింగ్ షెడ్డు నుంచి ఆప్రాన్ విప్పకుండానే వచ్చిన ఒక తల్లి.

"ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాయడానికి ఇంత ఆలోచనేంటి టీచరమ్మా?"

"ముందు కూర్చో."

"కూర్చోడానికి టైమెక్కడిది? మేస్త్రి అరగంటే ఇచ్చాడు. రావడానికే పది నిమిషాలైంది, పోవడానికి ఇంకో పది."

"అయితే మిగిలిన పదీ కూర్చో."

"మీరేం మారలేదు."

"నువ్వూ మారలేదు. రెండో తరగతిలోనూ ఇంతే, ఒక కాలు గదిలో, ఒక కాలు గుమ్మం బయట."

"సరే, కూర్చున్నా. ఇప్పుడా కాగితం తియ్యండి. 'ఉంటారు' అని ఉన్నచోట 'ఉండరు' అని రాసెయ్యండి. వేలిముద్ర వేసి పోతా."

"ఏ కాగితం?"

"ఏ కాగితమేంటమ్మా! అందరిళ్ళకీ పంపించారుగా. సోమవారం నుంచి బడి వారానికి నాలుగు రోజులే, శుక్రవారం పిల్లల దగ్గర ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటారా ఉండరా అని."

"అది పంపి మూడు వారాలైంది. ఇప్పుడా గుర్తొచ్చింది?"

"ఇప్పుడే తెలిసింది మరి. సగం ఇళ్ళవాళ్ళు 'ఉండరు' అని రాస్తే, శుక్రవారం ఒక గది తెరిచి ఆయాని పెడతారట కదా? బస్సు డ్రైవరు చెప్పాడు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"నిజమా కాదా?"

"నిజమే."

"ఆ ముక్క కాగితంలో రాయొచ్చుగా?"

"రాశారు. వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో."

"వెనక పేజీ ఎవరు చూస్తారమ్మా! ముందు పేజీకే దిక్కులేదు. అసలు మీరైనా అడ్డం పడొచ్చుగా? ఉన్న బడి ఉన్నట్టు నడవనివ్వండి అని?"

"ఏ మొహంతో అడ్డం పడను? ఐదు తరగతులకి ఇద్దరం. ఆ రెండో ఆవిడ రేపో మాపో వెళ్ళిపోతానంటోంది. నాలుగు రోజులే పనంటే కొత్తవాళ్ళెవరైనా వస్తారని పై ఆఫీసు ఆశ."

"వస్తారా?"

"రారు."

"మరెందుకమ్మా ఇదంతా?"

"నన్నడక్కు. అరవై రెండు ఇళ్ళకి కాగితాలిచ్చాం. అరవై ఒక్క ఇళ్ళవాళ్ళు 'ఉంటారు' అని రాసి పంపారు."

"అరవై ఒక్కళ్ళా! శుద్ధ అబద్ధం. షెడ్డులో మా వరసలో నలుగురం, నలుగురి ఇళ్ళకీ పగలంతా తాళమే."

"అది నాకూ తెలుసు. మరెందుకలా రాశారు?"

"నన్నడుగుతారేం?"

"నిన్నే అడుగుతున్నా."

"నేనే చెప్పానమ్మా."

"ఏమని?"

"'ఉండరు' అని రాశారో, పై ఆఫీసు నుంచి మనిషొస్తుంది, ఇల్లంతా చూస్తుంది, పిల్లల్ని తీసుకుపోతుంది అని. కుట్టుమిషను వదిన పిల్లలిద్దర్నీ అలాగే తీసుకుపోలేదూ? అప్పుడు కూడా ఇలాంటి కాగితమే. పాపం, ఉన్నదున్నట్టు రాసింది పిచ్చిది. ఇప్పుడు నెలకోసారి ఆ హాస్టలుకి పోయి చూసొస్తోంది. చిన్నది దాన్ని 'మీరు' అంటోందట. కన్నతల్లినమ్మా, 'మీరు' అంటోందట!"

"అందుకని ఊరంతా తిరిగి చెప్పావ్."

"ఊరంతా ఎందుకు, షెడ్డులో చెప్పా. షెడ్డులో చెబితే ఊరికి చెప్పినట్టేగా. 'ఉంటారు అని రాసి నోరు మూసుకోండే' అన్నా. నీ తెలివే తెలివి అని మెచ్చుకున్నారు కూడా."

"అయితే ఇప్పుడు మళ్ళీ చెప్పు. కాగితాలు రేపు పొద్దున బస్సులో పై ఆఫీసుకి వెళ్తాయి. సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటా. ముప్ఫై మంది వచ్చి మార్చినా చాలు."

"రారు."

"అడిగితేగా తెలిసేది."

"అడిగా. పొద్దున వరస వరసకీ తిరిగా. 'నువ్వే కదే హడలగొట్టావ్, ఇప్పుడేంటి కొత్త పాట' అన్నారు. ఒకావిడైతే తల కూడా ఎత్తలేదు. నా నోరే నా కొంప ముంచింది టీచరమ్మా."

"మరి నువ్వొక్కదానివి మారిస్తే ఒరిగేదేంటి?"

"ఏమో. ఒక్కళ్ళైనా నిజం రాస్తే మీకు జాలేస్తుందేమో, మీరే గది తెరుస్తారేమో అని."

"నా జాలికి తలుపు తెరుచుకోదు. గురువారం సాయంత్రం తాళంచెవి డ్రైవరు చేతికిచ్చి పంపెయ్యాలి. సోమవారం దాకా నేనూ లోపలికి రాలేను."

"వరండాలో కూర్చోబెట్టుకోండి పోనీ."

"గేటుకి కూడా తాళమే. అయినా మీ అత్తగారుందిగా ఇంట్లో?"

"ఉంది."

"మరింకేం?"

"ఉందంటే ఉంది."

"అదేం మాట? ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఏమీ కాకపోతే పని మధ్యలో వదిలేసి రావు నువ్వు."

"మొన్న శుక్రవారం మీటింగని సెలవిచ్చారుగా. ఆ రోజు..."

"ఊ."

"ఆవిడకి మతి ఉండటం లేదమ్మా. ఇల్లు ఇల్లని తెలీదు. బడి రోజుల్లో బయట తాళం వేసి పోతా, పిల్ల లోపలుంటే ఎలా వెయ్యను? తలుపు తీసి అలా నడుచుకుంటూ పోతుంది. నేనొచ్చేసరికి పిల్ల ఏం చేసిందో తెలుసా? తువ్వాలు ఒక కొస ఆవిడ చేతికి కట్టింది, రెండో కొస తన చేతికి కట్టుకుంది. గోడకానుకుని కూర్చున్నారు ఇద్దరూ. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. తినాలంటే ముడి విప్పాలిగా, విప్పితే ఆవిడ పోతుందిగా. చేయి కమిలిపోయింది దానికి. తొమ్మిదేళ్ళ పిల్లమ్మా!"

"చేయి చూశాను. గాజు ఒరుసుకుందని చెప్పింది నాకు."

"దానికి గాజులెక్కడివి?"

"మీ ఆయనకి కబురు పెట్టు."

"ఎక్కడో రోడ్డు పనిలో ఉన్నాడు. ఫోనైతే ఎత్తుతాడు, మనిషి రాడు. మేస్త్రిని శుక్రవారం సెలవడిగా. ఒక్క శుక్రవారం రాకపోతే ఇక ఏ వారమూ రావద్దన్నాడు. పోనీ, పిల్లని శుక్రవారం ఒక్క రోజూ ఇంకెక్కడైనా..."

"ఎక్కడ?"

"అదే నాకూ తెలీట్లేదు. వారానికి ఒక్క రోజేగా, ఎలాగోలా..."

"నువ్వూ మొదట ఒక్క రోజే మానేశావు. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని. తర్వాత రెండు రోజులు. ఆ తర్వాత హాజరు పట్టీలో నీ పేరు నేనే కొట్టేశాను."

"అది ఇప్పుడెందుకు గుర్తు చెయ్యడం?"

"నాకు రోజూ గుర్తొస్తుంది కనక."

"సరే, ఆ అరవై రెండో కాగితం సంగతి చెప్పండి. 'ఉండరు' అని రాసిన ఆ మహాతల్లి ఎవరు? పోయి దండం పెట్టుకుంటా. ఇద్దరం కలిస్తే..."

"నువ్వే."

"ఏంటి?"

"ఆ కాగితం మీ ఇంటిదే."

"ఎగతాళా? నేను 'ఉంటారు' అనే రాయించా."

"ఎవరితో?"

"పిల్లతో. నాకు రాయడం రాదుగా. నేను చెప్పా, అది రాసింది, నేను వేలిముద్ర... అయ్యో."

"చూడు. అదిగో వేలిముద్ర. దాని మీద గుండ్రంగా, తప్పులేకుండా 'ఉండరు'."

"నా చేత దీనికి ముద్ర వేయించిందా? దొంగపిల్ల! మూడు వారాలుగా కిక్కురుమనలేదు."

"ఈ ఒక్క కాగితంతో గది రాదు. మనిషి మాత్రం వస్తుంది. ఆ చేయి చూస్తుంది, మీ అత్తగార్ని చూస్తుంది. ఇంక నేను చెప్పక్కర్లేదు."

"వద్దు టీచరమ్మా. గది మీద ఆశతో ఆ మనిషి సంగతే మర్చిపోయా. మీకు పుణ్యముంటుంది, చింపెయ్యండి దాన్ని."

"చింపితే అరవై ఒకటే ఉంటాయి. అరవై రెండూ వెళ్ళాలి."

"అయితే మీరే రాసెయ్యండి."

"నా రాత వాళ్ళకి తెలుసు. పిల్ల చేతే రాయించాలి. వరండాలో కూర్చోమన్నా, పిలువు."

"నేను 'ఉండరు' అని రాయించడానికి వచ్చానమ్మా."

"తెలుసు."

"ఉన్న ఆ ఒక్క నిజాన్నీ నా చేత్తో కొట్టేయించమంటారా?"

"నాకు మాత్రం సంతోషమా? పిలువు, నీ టైమైపోతోంది."

"చిట్టీ! ఒసేయ్ చిట్టీ, లోపలికి రా."

"అమ్మా? పని మానేసి వచ్చావేంటి? మేస్త్రి తిట్టడా?"

"నా సంగతి తర్వాత. నేనేం చెప్పాను, నువ్వేం రాశావే ఇందులో?"

"అలా రాస్తే శుక్రవారం కూడా బడి పెడతారనుకున్నా."

"ఓరి నాయనో. టీచరమ్మా, మీరే చెప్పండి దీనికి, నా వల్ల కాదు."

"చిట్టీ, ఇదిగో కొత్త కాగితం. మళ్ళీ రాయాలి. ఈసారి మీ అమ్మ చెప్పినట్టు."

"'ఉంటారు' అని రాయనా టీచర్?"

"రాయి."

"రాశా. కింద ఇంకోటుంది టీచర్. 'ఉంటే ఎవరు' అని."

"అది కూడా నింపాలమ్మా."

"పాతదాన్లో అది ఖాళీగా వదిలేశా. ఇప్పుడేం రాయాలమ్మా?"

"ఎవరుంటే వాళ్ళని రాయవే, దానికీ నన్నే అడగాలా? త్వరగా కానియ్, బెల్లు కొట్టేస్తారు అక్కడ."

"అయిపోయింది."

"ఏదీ, ఇలా ఇయ్యి, ముద్ర వేస్తా. ఉండు ఉండు, ఈసారి నిన్ను నమ్మను. ఏం రాసిందో చదవండి టీచరమ్మా."

"పైన 'ఉంటారు' అనే ఉంది."

"కింద? మళ్ళీ తప్పు రాసిందా?"

"తప్పేం రాయలేదు. 'ఎవరు' అన్నచోట 'నేను' అని రాసింది."