పేరు పైకి చదివించిన పెద్ద సిస్టర్ గారు

1989 జూన్ 12వ తేదీన మా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేరి, ముప్పయ్యారేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా పెద్ద సిస్టర్ గారిని గురించి రాసే బాధ్యత నాకు అప్పగించారు. మత్తు డాక్టరుగా ముప్పయి రెండేళ్ళు ఆమె పక్కన పనిచేసిన వాణ్ణి కనుక ఇది నాకు గౌరవం. కొంత భయం కూడా.

మూడేళ్ళకే మందుల ట్రేల బాధ్యత ఆమెకు దక్కింది. ఆమె చేరిన ఏడో ఏట, మోకాలి ఆపరేషన్ జరుగుతున్న ఒక దర్జీ అక్కకు నొప్పి తెలియకుండా వెన్నులో అమర్చిన సన్నని గొట్టంలోకి మందు ఎక్కించాము. మందులో కలపడానికి సెలైన్ అడిగితే, అదే సైజులో, అవే నీలి అక్షరాలతో పక్కనే ఉన్న పొటాషియం ఆంపూల్, అంటే ఆ మందున్న చిన్న గాజుబుడ్డి, చేతికొచ్చింది. వెన్నులో నరాలు దెబ్బతిన్నాయి. నెలకు ఎడమ కాలు కోలుకుంది. మిషను తొక్కే కుడి పాదం మాత్రం కోలుకోలేదు.

విచారణ కమిటీ కూర్చోకముందే సిస్టర్ గారు వరండాలో ఉన్న దర్జీ అక్క భర్త ఎదుట నిలబడ్డారు. "అన్నయ్యా, తప్పు మందు అందించింది నేనే. పేరు చదవకుండా ఇచ్చాను."

"మిమ్మల్ని తిట్టాలనే ఉందమ్మా," అన్నారాయన. "కానీ నిజం చెప్పింది మీరొక్కరే."

సిస్టర్ గారి పదోన్నతి మూడేళ్ళు ఆగింది. ఆ మూడేళ్ళూ సెలవురోజుల్లో దర్జీ అక్క ఇంటికి వెళ్ళి ఆ పాదానికి వ్యాయామం చేయించారు. థియేటర్‌లో ఆంపూల్ అందించేవారూ, ఎక్కించేవారూ దాని పేరు పైకి చదవాలని పట్టుబట్టారు. ఎంతటి సర్జన్ విసుక్కున్నా "నాకు వినబడలేదు, మళ్ళీ చదవండి సార్" అనేవారు. "మా ఇంట్లో ఉప్పు కూడా పేరు చదివించుకున్నాకే కూరలో పడుతుందండీ" అని వారి శ్రీవారు వాపోతుంటారు.

ఇక దాచలేని మాట. ఆ మందు ఎక్కించింది నేను. నేనూ చదవలేదు. కమిటీ అడిగితే "సెలైన్ అని చెప్పి ఇచ్చారండి" అన్నాను. నిజానికి ఆమె ఆ ఆంపూల్‌ను ఏ పేరూ చెప్పకుండానే అందించారు. నా అబద్ధం విని కూడా నోరు విప్పలేదు. నా పదోన్నతి మాత్రం వేళకే వచ్చింది.

మొన్న ఈ కాగితం ఆమెకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "ముందు దర్జీ అక్కకు పైకి చదివి వినిపించండి సార్. తర్వాతే అచ్చుకివ్వండి."

వెళ్ళి చదివాను. చేతి మిషను ఆపి విన్న ఆ అక్క, "ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఒక్కతే మోసిందా బాబూ?" అన్నారు.

ఒక్కరే మోశారు. అందులో నా వంతును ఈనాటికి నేను తీసుకుంటున్నాను. ఆ మేరకు తేలికపడిన భుజాలతో, ఆయురారోగ్యాలతో, తమవారందరి నడుమ మా పెద్ద సిస్టర్ గారు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.