రాబెన్‌కోఫ్ కొండ మీద శిలువ

గెబ్‌హార్డ్ అబద్ధాలాడతాడని ఊళ్ళో ఎవరూ అనరు. నిజం చెప్పాల్సిన అవసరం అతనికి ఇంకా రాలేదంటారు, అంతే.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక జనం ఎప్పటిలాగే ఫ్రీడా సత్రంలో చేరారు. పొయ్యి పక్కన గుండ్రటి బల్ల, దాని చుట్టూ ఏడు కుర్చీలు. ఎవరి కుర్చీ వాళ్ళది. మనిషి రాకపోతే ఖాళీగా ఉంటుందే గాని ఇంకొకరు కూర్చోరు. గెబ్‌హార్డ్ ఇరవై రెండేళ్ళుగా ఆ బల్లకు మూరెడు దూరంలో, గోడవార బెంచీ మీద కూర్చుని, వాళ్ళ భుజాల సందుల్లోంచి మాట్లాడుతున్నాడు. అతనిలా పాలబండి తోలేవాడికి కుర్చీ లేదు. దారి కాపరికి ఉంది. రాబెన్‌కోఫ్ కాలిబాట పొడవునా కొండెక్కేవాళ్ళు దారి తప్పకుండా చెట్లమీద ఏటా ఎరుపూ తెలుపూ గుర్తులు వేసే వాల్‌బుర్గా మోకాళ్ళు అరిగిపోయాయని ఆ పని వదిలేస్తోంది. పనితోబాటు కుర్చీ కూడా. కొత్త కాపరి పేరు ఆ పూటే రాసెయ్యాలని బడిపంతులు కస్పర్ కాగితం తెచ్చుకున్నాడు.

రాబెన్‌కోఫ్‌కి కొన దాకా అడవే. అంత కష్టపడి ఎక్కితే చెట్టు వెనకాల చెట్టు కనిపిస్తుందని ఊరంతా పక్క కొండలకి పోతుంది. అందుకే పోటీకి ఎవరూ రాలేదు. గెబ్‌హార్డ్ ఒక్కడే బెంచీ మీంచి గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు అక్టోబరులో ఒక మూడు గుర్తులు వెలిసిపోతే నేనే వేశాను. చెప్పుకోవడం దేనికని ఊరుకున్నాను."

"ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నావు బావా, కడుపు ఉబ్బలేదూ?" అంది ఫ్రీడా గ్లాసులు పెడుతూ.

"నవ్వకు ఫ్రీడా. ఆ అడవిలో నిశ్శబ్దం ఎలాంటిదనుకున్నావు? నా వెనకాల ఒక పుట్టగొడుగు నేల చీల్చుకుని పైకొస్తుంటే ఆ చప్పుడుకి ఉలిక్కిపడి రంగు డబ్బా వదిలేశాను. అది కింద పడలేదు. ఎందుకు పడలేదో తెలుసా? పొగమంచు! అంత చిక్కగా ఉంది. డబ్బా నడుం ఎత్తులో అలాగే నిలబడిపోయింది. సరే, మంచిదే కదా, చేతులు ఖాళీ అని, తడుముకుంటూ ఒక మానుకి ఎర్రగీత వేశాను, తెల్లగీత వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాను తుమ్మింది."

"మాను తుమ్మడమేంట్రా?" అన్నాడు కస్పర్.

"మాను కాదు పంతులూ, దుప్పి! దాని తొడమీద వేశాను గుర్తు. అది పోయింది అడవిలోకి. మర్నాడు జర్మనీవాళ్ళు పదకొండుమంది, పాపం పద్ధతైన మనుషులు, గుర్తు ఎటు పోతే అటు నడిచారు. మూడోనాటికి సరిహద్దు దాటి స్విట్జర్లాండులో తేలారు. దారి చాలా బాగుంది, గుర్తులు మాత్రం కాస్త కదులుతున్నాయని ఉత్తరం రాశారు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. గెబ్‌హార్డ్ ఓరకంట వాల్‌బుర్గాని చూశాడు. ఆమె జున్ను వేసిన పిండిముద్దలు తింటోంది. ముఖంలో ఏమీ లేదు. కాదనలేదంటే ఔనన్నట్టే అనుకున్నాడతను, బెంచీని బల్ల దగ్గరికి బెత్తెడు జరుపుకున్నాడు.

"అదంతా ఒక ఎత్తు, కొన మీద జరిగింది ఒక ఎత్తు. పైకెళ్ళి చూద్దును కదా, ప్రతి కొండ కొన మీదా పాతుతారే, ఆ శిలువ ఒరిగిపోయి ఉంది! నాలుగు ఎద్దులు లాగాల్సిన దుంగ. ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్నాను, కుడిచేత్తో రాళ్ళు పేరుస్తున్నాను, ఇంతలో పిడుగు. శిలువ మీద పడనిస్తానా? టోపీ తీసి అడ్డం పెట్టాను. టోపీలో పడి బుసబుసమంటోంది. తీసుకెళ్ళి లోయలోకి వంపేసి వచ్చి, శిలువ కింద రేకుపెట్టెలో ఎక్కినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం ఉంటుంది చూడండి, అందులో పేరు రాసి దిగాను."

"ఆ శిలువ ఒరుగుతుందని నాకు ముందే అనుమానం," అన్నాడు కస్పర్, కాపరి పేరు రాయాల్సినవాడికి కొండ తెలియదనుకుంటారేమోనని. "నేను ఆ పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడే కిర్రుమంది."

"నేను పెళ్ళికి ముందు దాన్ని ఆనుకుని ఫొటో కూడా దిగాను," అంది ఫ్రీడా.

వాల్‌బుర్గా ముల్లుచెంచా కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"రాబెన్‌కోఫ్ మీద శిలువ లేదు."

"పడిపోయిందా అత్తా? నేను అంత గట్టిగా..." అన్నాడు గెబ్‌హార్డ్.

"ఎప్పుడూ లేదు. మేం పెడతామని మన ఊరు, మేం పెడతామని అవతలి ఊరు, మా తాత రోజుల్లో తలలు పగలగొట్టుకుని ఇద్దరూ మానేశారు. పైన ఒక మోడు ఉంది. పక్కన చీమలపుట్ట. నీ సంతకం దేనిమీద పెట్టావు పంతులూ, మోడు మీదా, పుట్ట మీదా?"

ఫ్రీడాకి వంటింట్లో ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చి లేచిపోయింది. కస్పర్ కాగితంలోకి తల దూర్చాడు. గెబ్‌హార్డ్ బెంచీని వచ్చిన దారినే బెత్తెడు వెనక్కి జరిపాడు.

"మరి... ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు కస్పర్ తలెత్తకుండానే.

"వీడి పేరే రాయి," అంది వాల్‌బుర్గా. "మీ ముగ్గురిలో ఒక్కరూ ఎక్కలేదు. వీడికి ఎక్కాలని ఉందనైనా తెలిసింది."

ఆమె లేచి కుర్చీ వెనక్కి లాగింది. గెబ్‌హార్డ్ వచ్చి, టోపీ తీసి, గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కస్పర్ పేరు రాసి సిరా ఆరేలా ఊదాడు. అందరూ గ్లాసులెత్తారు. ఆ సందడిలో గెబ్‌హార్డ్ ఆమె మోచెయ్యి పట్టుకుని చెవి దగ్గర అడిగాడు.

"అత్తా, ఆ దారి ఎక్కడ మొదలవుతుంది?"

"మీ పెరట్లోంచి," అంది వాల్‌బుర్గా.