కొమ్ము రాయి

సిరిసిల్లలోని ఆ ఇంటి వాకిట్లో అత్తగారు తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. కోడలు ఖాళీ డబ్బాతో వచ్చి ఎదురుగా నిలబడింది.

“అత్తమ్మా, ఈ డబ్బాల కొమ్ము లెక్క ఒక రాయి ఉండాలె. ఏది?”

“మానేరు వాగుల ఏసి అచ్చిన.”

“అయ్యో! జియాలజీ చదివేటప్పుడు హిమాలయాల స్పితి కొండలల్ల నేనే ఏరుకున్న రాయి అది. మిమ్ముల ఏమన్నది?”

“రాయంటవేంది? మొన్న పక్కింటి పిల్లకు నువ్వే చెప్తివి గద, సముద్రంల బతికిన పగడం పురుగని.”

“బతికింది కోట్ల ఏండ్ల కింద. ఆ జాతే ఇప్పుడు లోకంల లేదు.”

“చచ్చిందే గద బిడ్డా. ఇంట్ల శవాన్ని పెట్టుకుంటరా? గందుకే నీళ్లల్ల ఏసి, తలకు పోసుకున్న. మైల పోయింది. ఇగనన్న నీ కడుపు నిలుస్తది.”

“గా రాయికోసం తలకు పోసుకున్నరా?”

“పోసుకోరా మరి? ఒకప్పుడు పానమున్నదే గద.”

“ఐదో నెలల నా కడుపు పోయిననాడు మీరు పోసుకోలే అత్తమ్మా. ‘పానం పట్టనిదానికి మైలేంది, లేసి అన్నం వండు’ అంటిరి.”