మూడు వారాలకోసారి గురువారం

ఐస్ ఫ్యాక్టరీ ఫిట్టరు పోయి నెల తిరగలేదు. ఏ మిషనుకి ఎప్పుడేం చెయ్యాలో అంతా ఆయన బుర్రలోనే ఉండేది. అందుకే సూపర్‌వైజరు ఫోన్లో మూడు యాప్‌లు ఎక్కించుకుని వచ్చి, ఆయన భార్య ఎదుట కుర్చీ అంచున కూర్చున్నాడు.

“...ఇది పనికిరాదక్కా. రోజూ, వారం, నెల, అంతే. పదిరోజులకోసారి అంటే దీని బుర్రకెక్కడంలేదు.”

“కంప్రెసర్ నూనె పదిరోజులకే తమ్ముడూ. ఎండలు ముదిరితే వారానికే.”

“ఎండలు ముదిరాయని ఫోనుకెవరు చెప్తారు?”

“మీ బావకెవరు చెప్పారు? పైపు మీద చెయ్యి పెట్టి చూసేవాడట.”

“సరే, రెండోది చూద్దాం. ఇది పదిరోజులు తీసుకుంది... అయ్యో, మనం ఓ రోజు ఆలస్యం చేసినా లెక్క పాత తారీఖు నుంచే వేస్తోంది.”

“తప్పు కదూ. నూనె మార్చిన రోజు నుంచి లెక్కెట్టాలి.”

“నీకివన్నీ ఎలా తెలుసక్కా?”

“అన్నం తింటూ రేపటి పనులన్నీ అప్పజెప్పేవాడుగా, బళ్ళో పిల్లాడిలా. ఇరవై రెండేళ్ళు విన్నాను. ‘చాల్లే, ఆ నూనె నా కంచంలో కారేలా ఉంది’ అని కసిరేదాన్ని. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే ముద్ద ఎత్తబుద్ధి కాదు.”

“అక్కా...”

“రాసుకో, రాసుకో. ఉప్పునీళ్ళ తొట్టి సోమవారం. సోమవారం సెలవైతే ముందురోజే.”

“మూడోది తీసుకుంది! సెలవైతే ముందురోజు పెట్టొచ్చు. పని చేసిన రోజు నుంచి లెక్క కూడా ఉంది. ఇదే ఖాయం. బెల్టులు?”

“నూనె రెండుసార్లు మారిస్తే ఒకసారి.”

“అంటే ఇరవై రోజులు. హమ్మయ్య. అయిపోయినట్టేనా?”

“ఇంకోటుంది. మూడు వారాలకోసారి గురువారం.”

“గురువారం ఏముంది?”

“బాయిలర్ డ్యూటీ.”

“బెల్టులు ఇరవై రోజులకి పెట్టేశానక్కా.”

“రాసుకోవేం?”

“రాస్తున్నా. ఇదేదో... ఫోను ఆగిపోయింది.”

“పొద్దున్నే వెళ్ళేవాడు. సాయంత్రానికి ముఖం పీక్కుపోయి వచ్చేవాడు. రెండు రోజులు ముద్ద దిగేది కాదు. బాయిలర్ వేడి అనేవాడు. జుట్టు ఊడిపోతున్నా బాయిలరే అన్నాడు.”

“అవునక్కా. వేడి... వేడి ఎక్కువే.”

“పెద్దదా?”

“ఏది?”

“బాయిలరు.”

“పెద్దది కాదు. చిన్నదే. వెనక షెడ్డులో.”

“ఐస్ ఫ్యాక్టరీలో.”

“అక్కా, కాస్త మంచినీళ్ళిస్తావా?”

“నీ ముందే ఉన్నాయి. ఎన్నిసార్లు చేశాడు ఆ డ్యూటీ?”

“ఎనిమిది. కాదు, ఏడే. ఎనిమిదోది సగంలో ఆపేశారు.”

“ఎవరు ఆపేశారు?”

“అదే... ఆఫీసువాళ్ళు. అక్కా, నన్నడక్కు. నా దగ్గర మాట తీసుకున్నాడు.”

“నేనేం అడిగాను? రాసుకోమన్నానంతే.”

“తెలిస్తే నువ్వు తట్టుకోలేవన్నాడు. ప్రతిసారీ నా బండి మీదే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర దింపేవాణ్ణి. తోడుంటానంటే, ‘ఇద్దరం లేకపోతే మిషను ఎవడు చూస్తాడు, పో’ అని తరిమేసేవాడు. వచ్చేసేవాణ్ణి. వచ్చేశాను అక్కా! ఎనిమిదిసార్లు బావని ఆ మందెక్కించే గదిలో ఒక్కణ్ణీ వదిలేసి వచ్చేశాను. నాకు నిద్రపట్టడంలేదు.”

“ఊరుకో. ఊరుకో తమ్ముడూ. ఒక్కడే లేడులే.”

“అంటే?”

“నీ బండి వెనకాలే ఆటోలో వచ్చేదాన్ని. నువ్వు వెనక్కి తిరగ్గానే లోపలికెళ్ళి, ఆ గది గోడకి ఇవతల బల్ల మీద కూర్చునేదాన్ని. నాకు తెలుసని తెలిస్తే, ఇంటికొచ్చి నవ్వడం కూడా మానేస్తాడని భయం. అందుకే సాయంత్రం ఆయనకంటే ముందే ఇల్లు చేరి, తలుపు తీసి, ‘మీ బాయిలరు ఎలా ఉంది?’ అని అడిగేదాన్ని.”