గోడ మీది ఎర్రంచు తువ్వాల

"నానమ్మా, ఒక్క తువ్వాల తీసి వాషింగ్ మెషిన్ల ఏసినందుకు నన్ను అంత తిట్టినవ్. ఎందుకో ఇయ్యాల చెప్పాల్సిందే."

చెప్త, కూసో. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి. ఇన్నేండ్లు దాసింది చాలు. గని జెర పక్కకు జరుగు బిడ్డా, నాకు గల్లీ కనబడాలె. తలుపుకు ఈపు పెట్టి కూసునుడు నాతోని కాదు, నీకు ఎర్కనే గదా.

ఎక్కడికెళ్లి షురూ చెయ్యాలె... ఆ సినిమాకెళ్లే. మీ డాడీ టికెట్లు బుక్ చేసిండు, బాపుకు మంచి పొలిటికల్ సినిమా సూపియ్యాలని. పాత ఉద్యమపోళ్లు పేర్లు మార్చుకోని పట్నంల బతుకుతుంటరు, ఒక పోలీసాఫీసరు వాళ్ల ఎంట పడ్తడు, అదే గదా కథ. షురువుకే నాకు మండింది. ఆ హీరో తుపాకి తీస్కపోయి బియ్యం డబ్బాల దాస్తడా? బియ్యం డబ్బా రోజు తెరవని ఇల్లు ఉంటదా ఎక్కడన్న? వాని పెండ్లానికి ఇరవై ఏండ్లు తెల్వదట. ఆ ఇంట్ల వంట ఎవ్వలు చేసిన్రో మరి.

నాకు నవ్వొచ్చింది, మీ తాతకు రాలే. బయటికి పొయ్యే తలుపు పక్క సీటే కావాలన్నడు, యాదికున్నదా? నువ్వు బాత్రూమ్ కోసమనుకున్నవ్. సినిమాల ఆ హీరో ఇంటికొస్తడు సూడు, లోపట పోలీసులు కూసోని ఉంటరు, వీడు ఫోన్ మాట్లాడుకుంట మెట్లెక్కుతడు. అప్పుడు మీ తాత గట్టిగనే అన్నడు, "సూడకుండ పోతుండు. వీనికి ఎవ్వలు నేర్పలేదా?" అని. ముందు సీటాయన తిరిగి "సార్, సినిమా చూడనియ్యండి" అన్నడు. మీరంత నవ్విన్రు. నాకు మాత్రం నవ్వు రాలే. ఆ మాట అన్నది మీ తాత కాదు బిడ్డా. మీరు పుట్టకముందటి మనిషి అన్నడు.

మతిమరుపు వచ్చిందని డాక్టర్ చెప్పిండు గదా. అవును, పొద్దుగాల తిన్న టిఫిన్ మర్చిపోతడు. గని కొత్తయి పోయిన జాగల పాతయి వచ్చి కూసుంటున్నయి. ఆ పాతయి ఏందో మీకు తెల్వదు. నాకు తెలుసు. ఆ సినిమా సూసిన కాడికెళ్లి ఈ కిటికి దగ్గర నిలవడుడే, నిలవడుడే...

ఎవరది బయట? ఆ, కూరగాయల బండి.

ఎక్కడున్న? ఆ. మేము ఈ చిలకలగూడకు వచ్చినప్పుడు మొగడు పెండ్లాలం కాదు. అట్ల సూడకు. పార్టీ పంపింది మమ్ముల. ఏ పార్టీ అని అడగకు, అడవిల ఉండే పార్టీ అనుకో. ఇక్కడ డెన్ నడపాలె. డెన్ అంటె సినిమాల సూపిచ్చినట్టు చీకటి గుహ కాదు, కిరాయికి తీసుకున్న రెండు అర్రలు. అడవికెళ్లి వచ్చిపోయేటోళ్లకు అన్నం, పక్క, దాసుకునే జాగ. ఒంటి మొగోనికి కిరాయికి ఇయ్యరు, ఒంటి ఆడిదానికి అసలే ఇయ్యరు. అందుకని ఇద్దరిని జత చేసి సంసారమని పెట్టేది. నా మెడల పసుపుతాడు కట్టింది మీ తాత కాదు. నేనే కట్టుకున్న, బస్టాండు బాత్రూమ్ల.

బయట ఆయన నన్ను "ఏమే" అనాలె, నేను "ఏమయ్యా" అనాలె. తలుపేసినంక "అక్కా" అనేటోడు. నాకంటె చిన్నోడేం కాదు. అప్పుడు ఆడోళ్లనంత అట్లనే పిలిచేది. ఇంటి ఓనరమ్మ గుంటూరు దిక్కు టీచరు, చర్చిల పాటలు పాడేది. "పెళ్లి ఫోటో ఒక్కటి కూడా లేదేమ్మా?" అని అడిగేది. వరదల కొట్కపోయినయమ్మా అన్న. మా ఊరికి వాగే లేదు.

ఆ పార్టీల ఎందుకు పోయినవ్ అంటవా. మా నాయిన దొర ముందట చెప్పులేసుకోని నడిచిండని ఆయనుండే గడి ముందట ఎండల వంగబెట్టి ఈపు మీద బండ పెట్టిన్రు. నేను సూసిన. నేను సదివిన పుస్తకం అదే. తప్పా ఒప్పా అని లెక్క తీసేటోళ్లు తియ్యని, నేను ఎవ్వలను మాఫీ అడగ.

ఇగ తువ్వాల సంగతి. ముందటి పిట్టగోడ మీద ఎర్రంచు తువ్వాల ఆరేసి ఉంటె ఇల్లు మంచిగున్నట్టు. లేకపోతె లోపట ఆపద ఉన్నట్టు. తువ్వాల లేనప్పుడు ఆగొద్దు, తల తిప్పొద్దు, ఈ ఇల్లే ఎరుగనట్టు ముందుకు నడుసుకుంట పోవాలె. రాంగోపాల్‌పేట్ల ఒక ఇరానీ హోటల్ ఉండె, అండ్ల పోయి గోడ మూలకు కూసోవాలె. చాయ్ పావలా అప్పుడు, ఒక్క చాయ్ మీద పొద్దంత కూసోనిచ్చేటోళ్లు. ఆపద పోయినంక నేను పోయి, మొకం సూడకుండ, "అత్తమ్మకు జ్వరం తగ్గింది" అనాలె. అది ఇంటెనే లేవాలె. వేరే ఏం చెప్పినా లేవొద్దు, నేను కండ్ల ముందట ఏడ్చినా లేవొద్దు. ఎందుకంటె నా ఎనక పోలీసులుండి నాతోని పిలిపిస్తుండొచ్చు గదా.

ఒక పొద్దు మా పైన ఉండే నాయకుడు, పెద్దన్న అనేది, చాయ్ తాగి "నా కబురు వచ్చేదాక ఇల్లు మార్చకున్రి" అని పోయిండు. మళ్ల రాలే. పేపర్ల ఎన్‌కౌంటర్ అని ఫోటోలు వచ్చినయి, మొకాలు గుర్తు పట్టేటట్టు లేవు. అయిపోయింది, మీ ఊరికి మీరు పోన్రి అని మాకు ఎవ్వలు వచ్చి చెప్పలే. మా మీద కేసులు ఉన్నయో లేవో ఎవ్వలనన్న అడుగుదామంటె, అడిగితే దొరికిపోతం. మీ తాత బైండింగ్ షాపుల పనికి కుదిరిండు, నేను మిషన్ కుట్టిన. ఉండంగ ఉండంగ నిజంగనే సంసారమైంది. మీ డాడీ పుట్టిండు. టీచరమ్మ పోయేముందు ఈ ఇల్లు మాకే అమ్మింది. తువ్వాల మాత్రం తియ్యలే. చినిగితే ఇంకోటి కొన్న, ఎర్రంచుదే.

దాన్ని మొన్న నువ్వు తీసినవ్. మురికిగుందని తీసినవ్, నీ తప్పేం లేదు బిడ్డా. గని తాత అప్పుడు వాకింగ్ పోయి ఉండె. పొద్దు గూకేదాక రాలే. మీ మమ్మీ మారేడ్‌పల్లి చుట్టాలకంత ఫోన్లు చేసింది. నేను బయటికి ఉరికితే ఇస్త్రీ బండి ఖాజా భాయ్ అన్నడు, "చాచా మీ గేటు ముందట్కెళ్లే పోయిండు గదా, సలాం చేస్తే సుత సూడలే" అని. అప్పుడు గోడ దిక్కు సూసిన. ఖాళీ. నిన్ను తిట్టింది అప్పుడే.

అంతల మీ డాడీ తాత ఫోటో, ఆధార్ కార్డు పట్టుకోని ఠాణాకు బయలెల్లిండు. ఆ కార్డు మీది పేరు తాతకు అమ్మ పెట్టిన పేరు కాదు. పోలీసుల చేతికి మేమే తీస్కపోయి ఇచ్చినట్టయితది. ఠాణా వద్దురా అన్న. "పరేషాన్ చెయ్యకమ్మా, ఆయనకు ఇల్లు గుర్తుండదు" అన్నడు. ఇల్లు గుర్తుండబట్టే రాలేదురా అని ఎట్ల చెప్పాలె? "ఆటో పిలువు, రాంగోపాల్‌పేట్ పోదాం, ఏం అడగకు" అన్న.

పోతే హోటల్ యాడున్నది? కూలగొట్టి మొబైల్ షాపు పెట్టిన్రు. ఆ షాపు మెట్ల మీద, ఈపు గోడకానిచ్చి, మొకం రోడ్డు దిక్కు పెట్టి కూసున్నడు. "ఎవరి కోసమో చూస్తున్నరు, చాయ్ అడిగితే తెప్పిచ్చిన" అన్నడు షాపాయన. మీ డాడీ పోయి చెయ్యి పట్టుకోని, "బాపూ, ఇంటికి పోదాం దా" అన్నడు. మీ తాత చెయ్యి గుంజుకున్నడు. "మీరెవరో నాకు తెల్వదు సార్, నేను బస్సు కోసం కూసున్న" అన్నడు. కన్న కొడుకును. మీ డాడీ మొకం తిప్పుకోని ఏడ్చిండు, మతి పూర్తిగ పోయిందనుకోని. పోలే బిడ్డా. ఆ అబద్ధం ఎంత సాఫ్‌గ చెప్పిండో నేను సూసిన.

నేను పోయి పక్కన కూసున్న. రోడ్డు దిక్కు సూసుకుంట అన్న, "అత్తమ్మకు జ్వరం తగ్గింది."

ఏం లేదు. బస్సులు పోతున్నయి. ఇది సుత మర్చిపోయిండేమో, ఇగ ఈ మనిషిని దేంతోని లేపాలె అనుకున్న. అప్పుడు, చాయ్ కప్పు మెల్లగ కింద పెట్టిండు. లేచిండు. "మంచిదక్కా. నువ్వు ముందు నడువు" అన్నడు.

మీ డాడీ బొమ్మ లెక్క నిలవడ్డడు. "ఏ అత్తమ్మ? అక్కేంది?" అని. ఆటోల మొత్తం చెప్పిన, ఇప్పుడు నీకు చెప్పినట్టే. అప్పటికెళ్లి నాతోని సరిగ మాట్లాడ్తలేడు. మాట్లాడకపోని. నిన్న మాత్రం అడిగిండు, "నా సర్టిఫికెట్ల మీద ఉన్న నాయిన పేరు ఎవరిదమ్మా?" అని. ఆయనదేరా, పేరు పార్టీది గని మోసింది ఆయనే అన్న. లేచి బయటికి పోయిండు. గని ఇయ్యాల తనే చెప్పులేసుకోని తాతను వాకింగ్ తీస్కపోయిండు. ఆ పొద్దు కాడికెళ్లి నేనే ఎంట పొయ్యేది...

ఆగు. మలుపు కాడ వాళ్లేనా? వాళ్లే. మీ డాడీ తాత చెయ్యి పట్టుకున్నడు, సూడు. తువ్వాల యాడున్నది? మళ్ల తీసిన్రా? ఉతికిన్రా? ఆరకపోతే ఏమాయె, తడిదే ఎయ్యిపో. ఉరుకు బిడ్డా. సల్లగ బతుకు. నీ ఇంటికి నువ్వు ఏ గోడ దిక్కు సూడకుండ, పాట పాడుకుంట పోవాలె ఎప్పుడు.

ఆ, ఎయ్యి. జెర ముందటికి గుంజు, ఆ ఎర్రంచు కనబడాలె. ఆగిండు... సూస్తుండు...