ఆజ్ఞకూ అడగడానికీ నడుమ: వసుమతిగారి ముద్రణాలయ ప్రస్థానం

1988 జూలై 11, సోమవారం నాడు అబిడ్స్‌లోని విద్యావాణి సహకార ముద్రణాలయంలో శ్రీమతి వసుమతిగారు ప్రూఫ్ రీడరుగా విధుల్లో చేరారు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆ సంస్థలో అక్షరదోషాలు పట్టడం వారి ఉద్యోగం. మనుషులను గమనించడం మాత్రం వారికి పుట్టుకతో వచ్చిన కుతూహలం. ఒక అధికారి ఎదుట చురుకుగా మెలిగే మనిషి మరొక అధికారి ఎదుట ఎందుకు ముడుచుకుపోతాడన్న ప్రశ్న వారిని ఉద్యోగ జీవితం పొడవునా వదలలేదు.

నాటి మేనేజరు శ్రీ శ్యామ్‌సుందర్‌గారు క్రమశిక్షణకు ప్రతిరూపం. వారు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, కబుర్లు ఆగిపోయేవి. వారి హయాంలో ఏ పుస్తకమూ ఆలస్యమై ఎరగదు. అయితే ఒకసారి భూగోళ పుస్తకంలో ఒక పటం తలకిందులుగా అచ్చయింది. పుస్తకాలు బడులకు వెళ్లకముందే వసుమతిగారూ, పక్క బల్ల దగ్గర పనిచేసే విజయగారూ దాన్ని చూశారు.

“చూసినవ్ గదా విజయా, సార్‌కు చెప్పకపోతివేంది?”

“నువ్వు గూడ చూసినవ్ గదా. నువ్వే చెప్పరాదు?”

ఇద్దరూ చెప్పలేదు. పుస్తకాలు వెళ్లిపోయాయి, ఫిర్యాదులు వచ్చాయి. అంత సమర్థుడైన అధికారికి అంత చిన్న నిజం చెప్పడానికి తన నోరెందుకు పెగల్లేదా అని వసుమతిగారు చాలాకాలం ఆలోచించారు.

తరువాత వచ్చిన శ్రీ రాజేందర్‌గారిది వెన్నవంటి మనసు. కార్యాలయం నాంపల్లికి మారింది వారి కాలంలోనే. ఎండాకాలం వస్తే మొజంజాహీ మార్కెట్ నుంచి అందరికీ ఐస్‌క్రీం తెప్పించేవారు. ఎవరు సెలవడిగినా కాదనేవారు కారు. ఒక ఏడాది పెళ్లిళ్ల ముహూర్తాలకని సగం మంది వెళ్లిపోగా, బడులు తెరిచే నాటికి పుస్తకాలు సిద్ధం కాలేదు. పాలకవర్గానికి సంజాయిషీ ఇవ్వడానికి రాజేందర్‌గారు ఒక్కరే వెళ్లారు. తిరిగి వచ్చి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనానికి సిగ్గుపడి కొందరు రెట్టింపు పనిచేశారు. మరికొందరు “సార్ ఏమనడు తియ్” అని మళ్లీ సెలవు పెట్టారు. ఒకే మంచితనం మనిషిని బట్టి ఇన్ని తీర్ల ఫలించడం వసుమతిగారికి వింతగా తోచింది.

2012లో మేనేజరు బాధ్యత తమ మీద పడినప్పుడు వారు మూడో దారి పట్టారు. ప్రతి పనికీ ముందు విభాగాల వారిని కూర్చోబెట్టి “మీరేమంటారు?” అని అడిగేవారు. “అడుగుడు అడుగుతరు, ఆఖరికి తమకు తోచిందే చేస్తరు” అని బైండింగ్ విభాగం పెద్ద భూపాల్‌గారు మొదట్లో నవ్వేవారు. ఆయన చెప్పినట్లే షిఫ్టు వేళలు మార్చాక ఆ నవ్వు ఆగింది. తప్పు చేసినవారు తామే వచ్చి చెప్పుకోవడం మొదలైంది.

ఆ పద్ధతికీ ఒక పరీక్ష ఎదురైంది. కొన్నేళ్ల కిందట, ఒక వానాకాలపు మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసి సెల్లార్‌లోకి నీళ్లు రాసాగాయి. అక్కడ ఒకవైపు పదో తరగతి పుస్తకాల కట్టలు, మరోవైపు తెల్లకాగితం రీళ్లు. అలవాటు చొప్పున వసుమతిగారు అందరినీ పిలిచి ఏం చేద్దామని అడిగారు. యంత్రాలు చూసే జితేందర్‌గారు కాగితం ముందన్నారు, రవాణా చూసే స్నేహలతగారు పుస్తకాలు ముందన్నారు. వాదన సాగుతుండగానే నీళ్లు మడమలు దాటాయి.

“మేడం, అందరి మాటలు వినుకుంట నిలబడితె నీళ్లు ఆగయి,” అన్నారు భూపాల్‌గారు. “మీరు చెప్పుండ్రి. మేం చేస్తం.”

వసుమతిగారు ఒక్క క్షణం నివ్వెరపోయి, వెంటనే గొంతు పెంచారు. “కరెంటు బంద్ చెయ్యిండ్రి. కాగితం పోతే పోనియ్యిండ్రి. పుస్తకాలు పైకి!” జితేందర్‌గారు ఏదో అనబోతే “తర్వాత!” అన్నారు. కాగితమంతా నాని పాడైంది, పుస్తకాలు దక్కాయి. తడిసిన బట్టలతో మెట్లమీద కూలబడి, “శ్యామ్‌సుందర్ సార్ మల్ల వచ్చిండనుకున్నం” అని జితేందర్‌గారే అందరినీ నవ్వించారు.

ఆ మాట వసుమతిగారిని నిలవనీయలేదు. ఆ వారంలోనే బషీర్‌బాగ్‌లో విశ్రాంత జీవితం గడుపుతున్న శ్యామ్‌సుందర్‌గారి ఇంటికి వెళ్లారు.

“సార్, మేమందరం మీకు భయపడుతుండేది. మీకు ఎర్కనేనా?”

పెద్దాయన తల ఊపారు. “ఎర్కనే అమ్మా. పని జల్ది అయితుంటె మొదట్ల మంచిగనే అనిపించింది. ఎనక నా గదికి ఎవ్వరు రాకపోయిన్రు. ఆ భూగోళం పటం లేదా, అది బడులకు పోకముందే నాకు కండ్లబడ్డది. అచ్చుకు పంపమని దాని మీద నా సంతకం ఉండె. జర తప్పయింది, ఏం చేద్దాం అని అడిగేటందుకు నాకెవరున్నరు?”

భయం కిందివారినే కాక పైనున్నవారినీ ఒంటరిని చేస్తుందని వసుమతిగారు ఆనాడు తెలుసుకున్నారు. శ్యామ్‌సుందర్‌గారిపై ఏళ్లుగా మోసిన నిష్ఠూరం ఆ గుమ్మంలోనే కరిగిపోయింది. అప్పటి నుంచి తీరిక ఉన్నప్పుడు అడగడం, ఆపద ఉన్నప్పుడు చెప్పడం వారి రీతి అయింది.

పదవీ విరమణ చేయబోతున్న వసుమతిగారి స్థానంలోకి వస్తున్న స్నేహలతగారి తీరు మరొకటి. ఆమె అడగరు, ఆజ్ఞాపించరు. ముందు తామే కట్టలు ఎత్తుతారు.

“నీ ఎనక ఎవ్వరు రాకపోతేనో?” అని వసుమతిగారు ఈమధ్యనే అడిగారు.

“ఆ ఫికర్ నాకు గూడ ఉన్నది మేడం.”

“ఉండనీ. అది మంచిదే.”

ఈ నెలాఖరున జరిగే వీడ్కోలు సభలో తమను పొగడవద్దనీ, ఇన్నాళ్లూ తమతో అనలేకపోయిన ఒక్కొక్క మాట అందరూ చెప్పాలనీ వసుమతిగారు కోరారు. భూపాల్‌గారు సభ దాకా ఆగలేదు. “మీ మీటింగులు మస్తు పొడుగుండె మేడం” అని నిన్ననే చెప్పేశారు. వసుమతిగారు కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, “ఇంకేమున్నయ్? చెప్పుండ్రి” అంటూ ఆయనకు కుర్చీ చూపించారు. భర్త సురేందర్‌గారితో, కుమార్తె శ్రీనిధితో కలసి వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. మా దగ్గర మిగిలిన మాటలన్నీ తీరిగ్గా వినడానికి వారికి ఆ మాత్రం ఆయుష్షు కావలసిందే.